జట్టు కిందికి దిగింది సరే, మాస్టారిని ఎందుకు దించాలి?

మన ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, కమిటీ సభ్యులందరికీ నమస్కారాలు.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం నోటీసు అందింది. అజెండాలో మూడో అంశం ‘కొత్త కోచ్ నియామకం’ అని ఉంది. పాత కోచ్‌ని తీసేయాలా వద్దా అనే అంశం మాత్రం ఎక్కడా కనపళ్లేదు. అంటే ఆ నిర్ణయం ముందే ఎక్కడో టిఫిన్లు చేస్తూ తీసేసుకున్నారన్నమాట. సమావేశంలో మాలాంటి మామూలు సభ్యుల చేతికి మైకు వచ్చేసరికి భోజనాల వేళవుతుంది. అందుకే చెప్పాలనుకున్నది అందరూ చదివేలా ఇట్లా రాస్తున్నాను. మన జట్టు కింది డివిజన్‌కి దిగిపోయినా, కోచ్‌గా మన మాస్టారే ఉండాలి. కింది డివిజన్‌లో వచ్చే సీజన్ మొత్తం ఆయనే జట్టును నడపాలి.

మీలో చాలామంది నన్ను ఎరుగుదురు. ఒకప్పుడు మన జట్టులో రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్‌గా ఆడాను, ఇప్పుడు స్టోన్‌హౌస్‌పేటలో స్పేర్ పార్టుల షాపు పెట్టుకున్నాను. మా అబ్బాయి జట్టులో లేడు. మాస్టారు నాకు చుట్టమూ కాదు. ఇది ముందే చెప్పేస్తే ఆదివారం నాడు ఒక ప్రశ్న తగ్గుతుంది.

క్రికెట్ మాత్రమే చూసేవాళ్లకు మన బాధ అంత తొందరగా ఎక్కదు. ఐపీఎల్‌లో ఆఖరున నిలిచిన జట్టు కూడా మరుసటి ఏడాది అదే జెర్సీతో, అదే టోర్నీలో దిగుతుంది. ఫుట్‌బాల్ లీగుల్లో అట్లా కాదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లుంటే అడుగున ఉన్న 3 జట్లు ఏటా కింది డివిజన్‌కి పోవాల్సిందే. అక్కడినుంచి 3 జట్లు పైకొస్తాయి. చుట్టుపక్కల ఊళ్ల క్లబ్బులన్నీ చందాలేసుకుని నడుపుకుంటున్న మన చిన్న లీగ్‌లోనూ అదే పద్ధతి పెట్టుకున్నాం. పెట్టినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. మనమే దిగుతామని అప్పుడు ఎవరం అనుకోలేదు.

ఒంగోలులో జరిగిన ఆఖరి మ్యాచ్‌కి మీలో ఎంతమంది వచ్చారో నాకు తెలుసు, పేర్లు రాయను. డ్రా అయినా నిలబడేవాళ్లం. ఆట ముగిసే వేళకి కార్నర్ వచ్చింది, బంతి గాల్లోకి లేచింది, మన గోల్‌కీపర్ రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు. ముందుకు రావాలా, వెనక్కి పోవాలా అని ఆ అర సెకను తడబాటు చాలు. వాళ్ల కుర్రాడు తలతో తోసేశాడు. నా పక్కన నిలబడ్డ పెద్దాయన ‘ఏంది సామీ ఈ కీపింగు’ అని తల పట్టుకున్నాడు. మర్నాటికల్లా ఆ గోల్ మాస్టారి ఖాతాలో పడింది.

ఆ కీపర్ రాత్రి ఎక్కడున్నాడో కమిటీలో ఎవరైనా అడిగారా? ఇందుకూరుపేట అవతల రొయ్యల గుంటల మీద నైట్ డ్యూటీ చేస్తాడు వాడు. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేసి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరిగేలా చూడాలి, లేకపోతే తెల్లారేసరికి ఆక్సిజన్ చాలక రొయ్య తేలిపోతుంది, యజమానికి లక్షలు పోతాయి. ఆ రాత్రి రెండుసార్లు కరెంటు పోయిందట. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి, కావలి దాటేదాకా కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. చేతుల మీద ఇంకా మేత వాసన. రెండో కీపర్ కావాలని మాస్టారు సీజన్ మొదట్లోనే రాసిచ్చిన కాగితం మినిట్స్ పుస్తకంలో ఉంది. దాని పక్కన పెన్సిల్‌తో ‘తర్వాత చూద్దాం’ అని కూడా ఉంది. ఆ ఏడాది మనం కొన్నది రెండో కీపర్ని కాదు, స్పాన్సర్ పేరు పెద్దక్షరాలతో ఉన్న కొత్త జెర్సీల్ని.

ఇంకో సంగతి. కార్తీకంలో వానలు పట్టుకున్నాక గ్రౌండ్‌లో గోల్ పోస్టుల ముందు మోకాలి లోతు నీళ్లు. నెల్లూరులో ఇది వింత కాదు, ఈశాన్య రుతుపవనాలు మనకి వానలు తెచ్చేదే ఆ రోజుల్లో. అయినా మన లీగ్ షెడ్యూల్ వేసేటప్పుడు ఏటా ఆ సంగతి మర్చిపోతాం. ప్రాక్టీసు లేని ఆ రోజుల్లో మాస్టారు పిల్లల్ని స్కూలు వరండాలో నిలబెట్టి, నేలమీద సుద్దముక్కతో డిఫెన్స్ లైన్ గీసి చూపించేవాడు. అటు మన మెయిన్ స్ట్రైకర్‌కి శ్రీసిటీలో ఉద్యోగం వచ్చింది, లెఫ్ట్ బ్యాక్ చెన్నైలో బీటెక్‌లో చేరాడు. వాళ్లని పొమ్మన్నది మాస్టారే. ఉద్యోగం, చదువు వదులుకుని మన క్లబ్‌కి ఆడమనే కోచ్ దొరికితే అతన్ని మాత్రం తప్పకుండా తీసేయండి.

ఇక జట్టు ఎంపిక. శుక్రవారం సాయంత్రం మాస్టారు రాసిన పదకొండు పేర్లు శనివారం పొద్దున్నకి అట్లాగే ఉన్న మ్యాచ్‌లు ఎన్నో లెక్క తీస్తే మనకే సిగ్గేస్తుంది. ఒక ఫోన్ వస్తుంది, ఒక పేరు మారుతుంది. ఎవరి ఫోన్ అన్నది ఇక్కడ అనవసరం. పేర్లు మార్చేది ఒకరు, ఓడినప్పుడు తిట్లు తినేది ఇంకొకరు. ఈ పద్ధతి కొత్త కోచ్ వచ్చాక ఆగుతుందని నాకు నమ్మకం లేదు.

మాస్టారి తప్పులు నాకు తెలియవని కాదు. ఎవరు ఎదురొచ్చినా అదే 4-4-2, వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు. సబ్‌స్టిట్యూట్‌ని దించడంలో మహా ఆలస్యం, కాళ్లు ఈడుస్తున్న కుర్రాణ్ణి కూడా డెబ్బయ్యో నిమిషం దాకా ఉంచుతాడు. పిల్లల్ని అందరి ముందూ అరుస్తాడు. గూడూరు మ్యాచ్‌లో ఒక గోల్ ఆధిక్యం ఉండి కూడా అందర్నీ ముందుకు తోసి మ్యాచ్ చేజార్చుకున్నది అచ్చంగా ఆయన నిర్ణయమే. వీటి గురించి ఆయన్ని కూర్చోబెట్టి గట్టిగా అడగండి, నేనూ అడుగుతాను. అడగడం వేరు, సాగనంపడం వేరు.

‘ప్రపంచంలో ఎక్కడైనా జట్టు దిగితే కోచ్ పోతాడు, అది రూలు’ అని మన కార్యదర్శి గారు టీ కొట్టు దగ్గర అన్నట్టు విన్నాను. రూలేం కాదండీ. అట్లా పోయేవాళ్లే ఎక్కువన్న మాట నిజం. ఉండిపోయినవాళ్ల సంగతి కూడా చూద్దాం.

ఇంగ్లండ్‌లో బర్న్‌లీ అనే ఊరుంది. జనాభాలో మన కావలికంటే చిన్నది. అక్కడి క్లబ్ 2014లో ప్రీమియర్ లీగ్‌కి ఎక్కి, 2015లో మళ్లీ దిగిపోయింది. కోచ్ పని చూసే మేనేజర్ షాన్ డైచ్‌ని తీసెయ్యలేదు. చెప్పుకోదగ్గ ఆటగాళ్లు కొందరు వెళ్లిపోయారు, గోల్స్ కొట్టే డానీ ఇంగ్స్ లివర్‌పూల్‌కి, రైట్ బ్యాక్ ట్రిపియర్ టోటెన్‌హామ్‌కి. అయినా ఏ స్థానంలో ఎవరు కావాలో అంతకుముందు ఏడాది దెబ్బలు తిన్న మనిషికి తెలిసినట్టు కొత్తగా వచ్చినవాడికి తెలియదు కదా. ఆండ్రీ గ్రే అనే స్ట్రైకర్‌ని తెచ్చుకున్నాడు. కింది డివిజన్ లీగ్‌లో ఆఖరి 23 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడకుండా 93 పాయింట్లతో ఛాంపియన్‌గా పైకొచ్చారు. 2017-18లో అదే ఊరి జట్టు ప్రీమియర్ లీగ్‌లో ఏడో స్థానంలో నిలిచి యూరప్ క్లబ్బుల టోర్నీ అయిన యూరోపా లీగ్ అర్హత పోటీల దాకా పోయింది.

అదే బర్న్‌లీ కథకి రెండో భాగం కూడా ఉంది, మన కమిటీ చదవాల్సింది అదే. 2022 ఏప్రిల్‌లో జట్టు మళ్లీ అడుగున కొట్టుమిట్టాడుతుంటే, ఇంకా 8 మ్యాచ్‌లున్నాయనగా డైచ్‌ని తీసేశారు. దాదాపు పదేళ్లు ఉన్న మనిషిని. జట్టుకి కొన్ని గెలుపులు దక్కాయి, అందరూ సంబరపడ్డారు, సీజన్ ఆఖరి రోజున దిగనే దిగారు.

ఇంగ్లండ్‌లోనే నార్విచ్ క్లబ్‌ది ఇంకా చిత్రం. డానియల్ ఫార్కె అనే జర్మన్ కోచ్‌తో 2019లో ఎక్కారు, 2020లో 21 పాయింట్లతో అందరికంటే అడుగున దిగారు. ఆయన్నే ఉంచుకున్నారు. మరుసటి ఏడాది 97 పాయింట్లతో ఛాంపియన్లు. మళ్లీ పైకెళ్లాక మొదట్లో లీగ్‌లో ఒక్క గెలుపూ లేదు, 2021 నవంబర్‌లో బ్రెంట్‌ఫర్డ్ మీద లీగ్‌లో మొదటి గెలుపు దక్కిన రోజునే, మ్యాచ్ అయిన కొద్ది గంటల్లో ఆయన్ని తీసేశారు. గెలిచిన రోజున కూడా తీసేసే క్లబ్బులున్నాయన్నమాట. కొత్త మేనేజర్ వచ్చాడు, జట్టు ఆఖరి స్థానంలోనే దిగింది. ఆ ఫార్కే లీడ్స్ క్లబ్‌కి వెళ్లి 2025లో 100 పాయింట్లతో దాన్ని పైకి తెచ్చాడు.

న్యూకాసిల్ క్లబ్ విషయం వేరు. కోచ్‌గా రఫా బెనితెజ్ వచ్చిందే 2016 మార్చిలో, ఆట దాదాపు చేయిదాటాక. దిగిపోయారు. దిగిపోవడం ఖాయమైన తర్వాత ఆడిన ఆఖరి మ్యాచ్‌లో టోటెన్‌హామ్‌ని 5-1తో చిత్తు చేశారు, స్టేడియం అంతా ఆయన్ని ఉండిపొమ్మని పాటలు పాడింది. యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ గెలిపించిన కోచ్ రెండో డివిజన్‌లో ఉంటాడా అని అందరూ అనుకున్నారు. ఉన్నాడు. మరుసటి ఏడాది 94 పాయింట్లతో గెలిచి పైకొచ్చారు, ఆ పై ఏడాది పదో స్థానం.

జర్మనీలో ఫ్రైబుర్గ్ క్లబ్ అయితే దీన్నొక అలవాటు చేసుకుంది. ఫోల్కర్ ఫింకె అక్కడ 1991 నుంచి 2007 దాకా, 16 ఏళ్లు కోచ్. ఆ కాలంలో జట్టు 1997, 2002, 2005లో మూడుసార్లు దిగింది. మూడుసార్లూ ఆయన్ని ఉంచారు. మొదటి రెండుసార్లూ ఏడాదిలోనే తిరిగి ఎక్కించాడు. మూడోసారి ఎక్కించలేకపోయాడు, రెండేళ్లు చూసి సెలవు చెప్పారు. తర్వాత క్రిస్టియన్ స్ట్రైష్ కాలంలో 2015లో మళ్లీ దిగారు, మళ్లీ అదే కోచ్, 2016లో ఛాంపియన్లుగా ఎక్కారు. 2022లో జర్మన్ కప్ ఫైనల్ దాకా వెళ్లి పెనాల్టీల్లో ఓడారు. స్ట్రైష్ 2024లో తనంతట తానే తప్పుకున్నాడు. పెద్ద పెద్ద క్లబ్బులతో పోలిస్తే డబ్బు తక్కువున్న క్లబ్ అది. ప్రతిసారీ కోచ్‌ని మార్చి కొత్తగా మొదలుపెట్టే స్తోమత తనకి లేదని దానికి తెలుసు. ఆ స్తోమత మనకుందా?

ఫింకె మూడోసారి ఎక్కించలేకపోయాడని నేనే రాశాను, దాన్ని పట్టుకుంటారని తెలుసు. పట్టుకోండి. ఉంచుకున్న ప్రతిచోటా ఫలితం వస్తుందని నేను అనడం లేదు. తీసేస్తే వస్తుందన్న మీ ధీమా దేనిమీద అని మాత్రమే అడుగుతున్నాను. బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా ఫలితాలు పరిశీలించాడు. వరసగా ఓడి కోచ్‌ని తీసేసిన క్లబ్బుల్ని, అట్లాగే ఓడి కూడా తీసెయ్యని క్లబ్బుల్ని పక్కపక్కన పెట్టి చూశాడు. రెండూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. చెడ్డ కాలం ఎట్లాగూ గడుస్తుంది, ఆ సమయానికి కుర్చీలో ఎవరుంటే పేరు వాళ్లకి దక్కుతుంది.

పరాయి దేశాల ముచ్చట్లు మనకెందుకు అంటారేమో, హైదరాబాద్‌కే రండి. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనా బడిలో పాఠాలు చెప్పిన మాస్టారే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన దేశ ఫుట్‌బాల్ జట్టుకి బంగారం తెచ్చిన కోచ్. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో అదే కోచ్ చేతికింద యుగోస్లావియా మీద 10-1తో ఓడిపోయాం. పది గోల్స్. మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. ఆనాడు అక్కడ మన కమిటీ ఉండుంటే రహీం సాబ్‌కి తిరుగు టిక్కెట్టు కూడా తీసేది కాదేమో. దాంతో ఆయన పని అయిపోయిందని అనుకోలేదు కాబట్టే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలో మన దేశ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడి, ఫైనల్లో అదే కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చింది. అప్పటికే క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది, మరుసటి ఏడాది పోయాడు. 10-1 తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు చూడండి, నాకు అందులో నచ్చేది అదే. ఓటమి ఎక్కడినుంచి వచ్చిందో చూసి దాన్ని సరిచేశారు. మన ఓటమి రొయ్యల గుంట దగ్గరినుంచి, శనివారం పొద్దున ఫోన్ దగ్గరినుంచి, వాన నీళ్ల దగ్గరినుంచి వచ్చింది. కొత్త కోచ్ వీటిలో దేన్ని తోడిపోస్తాడు?

కొత్త కోచ్‌గా చెన్నై నుంచి రాబోతున్నాయన మంచివాడే అయ్యుండొచ్చు. ఆయన కోచింగ్ లైసెన్సు గురించి బాగా చెప్తున్నారు. లైసెన్సు ముఖ్యమే, కాదనను. మన మాస్టారికి లేనిది అదే. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య వాళ్ల డి లైసెన్స్ కోర్సుకి ఆయన్ని పంపడానికయ్యే ఖర్చు, కొత్తాయనకి వారం వారం రానుపోను ఛార్జీలు, లాడ్జి, జీతం పక్కపక్కన రాసి ఆదివారం నాడు బోర్డు మీద పెట్టండి. ప్రీమియర్ లీగ్ నుంచి దిగిన క్లబ్బులకి మూడేళ్ల దాకా డబ్బిస్తారు, దాన్ని ప్యారాచూట్ అంటారు. మనకి ఆ ప్యారాచూట్ లేదు. దిగిన రోజునే స్పాన్సర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఉన్న కాస్త డబ్బూ కోచ్ మార్పుకి పోస్తే బంతులు ఎక్కడినుంచి వస్తాయి? ఇప్పటికే మాస్టారు తన టీవీఎస్ ఫిఫ్టీ వెనక కట్టుకొచ్చే ఆ గోతంలో సగం బంతులు కుట్లు ఊడినవే.

ఒంగోలు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ రైల్లో నేనూ ఉన్నాను. పిల్లలెవరూ మాట్లాడలేదు. గోల్‌కీపర్ అయితే సీట్లో కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. మాస్టారు వెళ్లి వాడికి ఇడ్లీ పొట్లం ఇచ్చి, కార్నర్‌కి ఎప్పుడు బయటికి రావాలో అక్కడే చేతులూపుతూ చెప్పడం మొదలుపెట్టాడు. మర్నాడు ఆరింటికి గ్రౌండ్‌కి రమ్మన్నాడు. వాడు డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. జట్టు దిగిందని ఆయనకి ఎవరైనా చెప్పారో లేదో అని నాకు అనుమానం వచ్చింది. ఉంటారా అని ఆయన్ని అడిగినవాళ్లు కమిటీలో ఒక్కరూ లేరు. నేను అడిగాను. కమిటీ వాళ్లు ఉండమంటే ఉంటానని, కింది డివిజన్ అయితే ఇంకా మంచిదని, కుర్ర పిల్లల్ని ధైర్యంగా ఆడించొచ్చని అన్నాడు.

కాబట్టి నేను అడిగేది ఇది. మూడో అంశాన్ని ‘కోచ్ కొనసాగింపుపై చర్చ’ అని మార్చండి. ఆ చర్చ జరిగేటప్పుడు మాస్టారిని బయట బెంచీ మీద కాకుండా లోపల కుర్చీలో కూర్చోబెట్టండి. ఉంచాలని తేలితే జట్టు పేర్లు ఆయన రాసిందే ఆఖరు అని మినిట్స్‌లో రాయండి, ఈసారి పెన్ను వాడండి. రెండో కీపర్ని వెతకండి. మొదటి కీపర్ యజమానితో ప్రెసిడెంట్ గారికి మంచి పరిచయమే ఉంది కదా, మ్యాచ్ ముందు రోజు రాత్రి వాడికి సెలవిప్పించే మాట ఒక్కటి చెప్పండి, దానికి పైసా ఖర్చు లేదు. సగం సీజన్ అయ్యాక మళ్లీ కూర్చుందాం. అప్పటికి కింది డివిజన్‌లో కూడా సగానికి దిగువన ఉంటే, ఆయన్ని మార్చమని మొదట చెయ్యెత్తేది నేనే. ఈ మాట ఆయనకి కూడా చెప్పాను. తలూపాడు.

ఇంకొక్కటి, ఇది అజెండాలో ఎక్కడా లేదు. మాస్టారికి ఇవ్వాల్సిన గౌరవ వేతనం మూడు నెలలది బాకీ ఉంది. ఉంచినా, పంపినా ఆ డబ్బు ఆయనది. ఆదివారం లోపల ఇచ్చేస్తే ఆయన ముఖం చూసి మాట్లాడటానికి అందరికీ కాస్త వీలుగా ఉంటుంది. రసీదు పుస్తకం ఎక్కడుందని ఎవరూ వెతకనక్కర్లేదు, కోశాధికారి గారి స్కూటర్ డిక్కీలోనే ఉంది.

ఇట్లు,
క్లబ్ జీవిత సభ్యుడు, ఒకప్పటి రైట్ బ్యాక్
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు